బోను లేచే రోజు

ఫిబ్రవరి 26

ఇంకా నలభై అయిదు రోజులు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని రాయడం మొదలుపెట్టాను. రాస్తున్నది పాత హాజరు పుస్తకం వెనక పేజీల్లో. ముందు పేజీల్లో ఇక్కడ బొగ్గు తవ్విన కాలం వాళ్ల పేర్లూ, వేలిముద్రలూ ఉన్నాయి. వాళ్లు షిఫ్టు అయిపోగానే పైకి పోయేవారు. మేం ముప్పై రెండేళ్లుగా ఇక్కడే ఉన్నాం.

నా పేరు ఓదెమ్మ. తారీఖు చెప్పడం నా పని. నీళ్ల వరసలో అందరూ నిలబడ్డాక, గోడకున్న క్యాలెండరులో ఆకు తిప్పి, వెనకటి మనుషులు ఆ రోజున ఏం కనిపెట్టారో గట్టిగా చదువుతాను. పొద్దున్నే చదువుతాను అనబోయాను. మూడు వందల మీటర్ల లోతున పొద్దు ఎక్కడిది? ఒకప్పుడు గని కూలీల మీద పెద్దగా ఉన్న సర్దారు రాజలింగు మామ గంట కొడితే అదే పొద్దు.

పైన ఎండ మనుషుల్ని బతకనివ్వని ఏడాది, అందరూ బియ్యమూ బంగారమూ మూటగట్టుకుని గనిలోకి దిగితే, మా నాయన బడి గోడకున్న సైన్సు క్యాలెండరు ఊడబీక్కుని దిగాడు. ఆయన ఆ బడిలో అటెండరు. మా అమ్మ చచ్చేదాకా ఆ మాట ఎత్తిపొడుస్తూనే ఉంది. బియ్యం ఆరు నెలల్లో అయిపోయాయి, బంగారం ఏ మూల పడి ఉందో ఎవరికీ తెలియదు. క్యాలెండరు మాత్రం మిగిలింది. రోజుకో ఆకు, మూడు వందల అరవై అయిదు ఆకులు. చివరికి వస్తే మళ్లీ మొదటికి తిప్పుతాం.

దాని ప్రకారమే ఇక్కడ యంత్రాలకు పండగలు. ఏ యంత్రానికి చుట్టమనదగ్గ వస్తువు క్యాలెండరులో ఏ తారీఖున పుట్టిందో, ఆ తారీఖునే దాన్ని ఆపాలి, తుడవాలి, నూనె పెట్టాలి, బొట్టు పెట్టాలి. ఇంకే రోజూ ఆపకూడదు. ఇందులో మూఢత్వమేమీ లేదు. దిగిన కొత్తలో ఎవరో పెద్దమనిషి తనకు తోచినప్పుడు గాలి ఫ్యాను ఆపాడట. బొగ్గు పొరల్లోంచి గ్యాసు ఊరి, పంతొమ్మిది మంది నిద్రలోనే పోయారు. ఆ తర్వాతే మా నాయన, రాజలింగు మామ కూర్చుని ఈ నియమం పెట్టారు. పసుపూ కుంకుమా అయిపోయి పదేళ్లయింది. ఇప్పుడు ఇటుక పొడితో బొట్టు పెడుతున్నాం.

నేను ఎదురుచూస్తున్నది ఏప్రిల్ 12 కోసం. కింది వాగు నీళ్లతో తిరిగే చక్రం ఇచ్చే కరెంటు ఫ్యానుకు సరిపోతే, మనుషుల్ని పైకీ కిందికీ మోసే బోనుకు సరిపోదు, బోనుకు ఇస్తే ఫ్యానుకు మిగలదు. అందుకని ఏడాదికొక్కసారి, ఫ్యాను ఆపి తుడిచే ఆ నాలుగు గంటలు మాత్రమే బోను పైకి లేస్తుంది. ఇద్దరు పోయి చూసి, దొరికిన మందులు తెస్తారు. నిచ్చెనలు ఎప్పుడో కుళ్లి రాలిపోయాయి. పైన గాలి తలుపులు బోను వచ్చి తాకితే తప్ప తెరుచుకోవు. వేరే దారి లేదు.

పోయిన ఏడాది పైకి పోయినవాళ్లు మా ఆయన మొండయ్య, బుచ్చిలింగం. దిగివచ్చింది బుచ్చిలింగం ఒక్కడే.

ఫిబ్రవరి 28

ఇవాళ్టి ఆకు అందరికీ ఇష్టం. 1928లో కాంతి చెదిరితే రంగు ఎందుకు మారుతుందో మనదేశం మనిషి కనిపెట్టిన రోజు. దీపాల పండగ. లైట్లన్నీ తుడిచి బొట్లు పెట్టాం.

నీళ్ల వరసలో మల్లవ్వ నా వంతు పాడుచేసింది. మల్లవ్వకు ఎనభై దాటాయి, నోటికి మాత్రం పద్దెనిమిదే.

"రేపు మా అక్క పుట్టిన తారీఖు, ఇరవై తొమ్మిది," అంది.

"రేపు మార్చి ఒకటి అవ్వా. ఇరవై తొమ్మిది లేదు," అన్నాను.

"ఎందుకు లేదు? ఉండె. నాలుగేండ్లకోపారి వచ్చేది. మా అక్కకు అప్పుడే పుట్టినరోజు జేసేటోళ్లు."

"అంటే మీ అక్క ఇరవై పుట్టినరోజులకే ముసలిదైందా?"

వరసంతా నవ్వింది. నేను ఆకు ఎత్తి చూపించాను. ఇరవై ఎనిమిది వెనక ఒకటే ఉంది. అచ్చులో లేని తారీఖు మీద ఏం వాదిస్తుంది పాపం? చెంబు పట్టుకుని గొణుక్కుంటూ పోయింది. పెద్దతనంలో మతి ఇట్లాగే చెదురుతుంది కాబోలు.

మార్చి 10

ఇవాళ గంట పండగ. 1876లో ఇదే తారీఖున తీగ మీద మనిషి మాట మొదటిసారి వినబడిందట. పక్క గదిలో ఉన్నవాణ్ణి "ఇటు రా, నిన్ను చూడాలి" అని పిలిచాడట. ఆ మాట దగ్గర ఆగిపోయి, దగ్గు వచ్చినట్టు నటించాను. నటించడం కష్టమేం కాదు, రెండేళ్లుగా నన్ను దగ్గు వదలడం లేదు.

మాకున్నది మాట పలికే తీగ కాదు, బోను గంట. కింద మీట నొక్కితే పైన మోగుతుంది, పైన నొక్కితే కింద మోగుతుంది. ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే దించు. మూడు కొడితే మనుషులున్నారు, బోను పంపు. విన్నవాళ్లు అదే లెక్క తిరిగి కొట్టాలి. అప్పుడే అవతలివాళ్లకు అందిందని అర్థం.

మొండయ్య పైన ఉండిపోయింది నా దగ్గు వల్లనే. బుచ్చిలింగం చెప్పాడు. దగ్గరి ఆసుపత్రిలో ఏమీ దొరకలేదు, ఇంకో అర కోసు దూరం పోతే మందుల గోదాం ఉందని మొండయ్యకు ఎవరో ఎప్పుడో చెప్పి ఉన్నారు. "నువ్వు పోయి బోనుకాడ ఉండు, నేనిప్పుడే వస్త" అన్నాడట. నాలుగు గంటలు నిండాయి. కింద జనం గ్యాసుకు తూలుతున్నారు. బుచ్చిలింగం దిగక తప్పలేదు.

ఆ మర్నాడు గంట మోగింది. మూడు. ఫ్యాను తిరుగుతోంది, బోనుకు కరెంటు లేదు. రాజలింగు మామ ఒకటి కొట్టాడు. పైనుంచి ఒకటి తిరిగి వచ్చింది. పది రోజులు అదే తంతు. పదకొండో రోజు గంట మోగలేదు. చచ్చిపోయాడని కొందరు అన్నారు. బతకడానికి నీడ వెతుక్కుంటూ పోయాడని నేనన్నాను. నియమం ఆయనకు తెలుసు. ఏప్రిల్ 12న బోను లేస్తుంది, ఆ రోజుకు వస్తాడు.

ఇవాళ తీగలు తుడిచాక పరీక్షకు ఒకటి కొడితే చాలు. నేను మూడు కొట్టాను. పైనుంచి జవాబు రాలేదు.

మార్చి 23

రాజలింగు మామ పిలిచి రేకు డబ్బా మూత తీసి చూపించాడు. లోపల రాగి బిళ్లలు, రెండు జతలు.

ఫ్యానును ఆపడం తేలిక, లేపడమే గండం. లేపిన ప్రతిసారీ స్టార్టరులో ఒక జత బిళ్లలు కాలిపోతాయి. దిగినప్పుడు డబ్బా నిండా ఉండేవట. తీగలు కరిగించి మేం పోసిన బిళ్లలు మోటారు ఊపు అందుకోకముందే చిట్లిపోయాయి.

"ఈ ఏడుకొక జత, వచ్చే ఏడుకొక జత," అన్నాడు.

"ఆ తరువాత?"

"ఆ తరువాత ఆపేది లేదు. అదే ఆగేదాంక నడుస్తది."

"ఈ సంగతి ఎవరెవరికి ఎరుక?"

"నాకు, నీకు. నూటముప్పై ఎనిమిది మందికి చెప్పి ఏం జేద్దాం బిడ్డా? నిద్ర పట్టదు, గంతే."

ఈసారి పైకి నన్ను పంపమని అప్పుడే అడిగాను. బేరానికి అదను చూసి అడిగినట్టే అయింది, అయినా సిగ్గుపడలేదు. మామ చాలాసేపు డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి సరేనన్నాడు.

ఏప్రిల్ 11

రేపే. చీర ఉతుక్కున్నాను. మల్లవ్వ నా తల దువ్వుతూ, "మొగని ముంగట దగ్గకు, మందు తేలేదని కుములుతడు," అంది. ఏడాది తర్వాత ఇవాళ కడుపునిండా పుట్టగొడుగుల అంబలి తాగాను.

ఏప్రిల్ 12

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆకు చదివాను. 1937లో జెట్ ఇంజను మొదటిసారి నేల మీద తిరిగింది. 1955లో పోలియో టీకా పనిచేస్తుందని లోకానికి చెప్పారు. 1961లో మనిషి మొదటిసారి అంతరిక్షంలోకి పోయాడు. 1981లో పోయి తిరిగి వచ్చే రెక్కల నౌక మొదటిసారి లేచింది. ఒక్క తారీఖున ఇన్ని ఎట్లా పడ్డాయోనని మా నాయన ఎప్పుడూ మురిసేవాడు. ఇంజనును చూసి ఫ్యానుకూ, పైకి పోయిన మనిషిని చూసి బోనుకూ, టీకాను చూసి మందుల పెట్టెకూ, మూడింటికీ ఈ రోజే పండగ పెట్టింది ఆయనే. "పోయి తిరిగి వచ్చే" అన్న మాట నేను రెండుసార్లు చదివాను. ఎవరూ నవ్వలేదు.

అందరూ బోను అడుగుకు చేరారు. గ్యాసుకు నిప్పు అంటకుండా దీపాలు ఆర్పారు. ఫ్యాను ఆగింది. పుట్టినప్పటినుంచీ ఆ హోరు వింటున్న పసిపిల్లలు నిశ్శబ్దానికి జడిసి ఏడ్చారు. నేను, బుచ్చిలింగం బోనులో నిలబడ్డాం.

ఆకాశం గురించి రాయాలంటే చేతకావడం లేదు. ఆరేళ్ల వయసులో దిగినదాన్ని. కళ్లు తెరవలేకపోయాను. కొంగు కప్పుకుని, బుచ్చిలింగం చెయ్యి పట్టుకుని, ఒకప్పుడు గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చిన గదిదాకా నడిచాను. నేల చెప్పుల్లోంచి కాలింది.

గదిలో ఖాళీ నీళ్ల డబ్బాలు, గోడ మీద పది గీతలు. గీతల కింద బొగ్గుతో రాసి ఉంది: "ఏప్రిల్ 12 నాడు వస్త. ఆగుండ్రి." మొండయ్య రాతే. అక్షరాలు నేనే నేర్పాను. డ కు పొట్ట ఎప్పుడూ తలకిందులే.

ఆగాం. బయట తెల్లటి ఎండ, ఎక్కడా పిట్ట కూడా లేదు. మూడు గంటలు ఆగాం. బుచ్చిలింగం వాకిట్లో నిలబడి రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాడు.

"వదినే, ఇగ పోవాలె."

"ఇంకో అయిదు నిమిషాలు."

"గట్లనుకుంటనే మూడుపార్లు ఆగినం. కింద పిల్లలున్నరు."

"నేను ఉండిపోతా. నువ్వు పో."

"పోయినేడు అన్న గూడ గట్లనే అన్నడు," అన్నాడు బుచ్చిలింగం. ఆ మాట చెప్పి నేల మీద కూలబడి ఏడ్చాడు. ఏడాదిగా వాడు ఈ బరువు మోస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

మొండయ్య మాట ఇస్తే తప్పడు. పన్నెండు అంటే పన్నెండే. పదమూడుకు వచ్చే మనిషి కాదు. పన్నెండున రాలేదంటే ఇక లేడు. అట్లా తేల్చుకున్నాను. ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, కొంగుతో ఆ రాతనంతా తుడిచేశాను. చచ్చినవాడి మాట గోడ మీద ఉండి ఎవరికి లాభం? నా కాళ్లతో నేనే నడిచి బోను ఎక్కాను.

దిగాక ఇంకో కష్టం. ఫ్యాను లేపబోతే స్టార్టరు పెట్టెలో చప్పుడైంది, మొదటి జత బిళ్లలు ఊపు అందకముందే కాలిపోయాయి. పెట్టె గట్టిగా బిగించి ఉండబట్టి నిప్పు బయటికి రాలేదు. రాజలింగు మామ చీకట్లో తడుముకుంటూ రెండో జత బిగించాడు. ఫ్యాను లేచింది. జనం చప్పట్లు కొట్టారు. డబ్బా ఖాళీ అని వాళ్లకు తెలియదు.

ఏప్రిల్ 15

మూడో నాడు. మల్లవ్వ నా మెట్టెలు తీసింది. పిండం పెట్టడానికి బియ్యం లేవు, పుట్టగొడుగులు ఉడికించి ముద్ద చేసి పెట్టాం. కాకి ఎట్లాగూ రాదు. మల్లవ్వే "కా కా" అని, కాకి ముట్టినట్టే లెక్క అంది. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది.

పొద్దున తారీఖు చెప్పడం మానలేదు. చెప్పకపోతే ఏ రోజు ఏది చేయాలో ఎవరికీ తెలియదు.

ఏప్రిల్ 19

1975లో మన దేశం మొదటి ఉపగ్రహం ఆకాశంలోకి పోయింది. చదివాను. రాయాలనిపించడం లేదు.

ఏప్రిల్ 20

ఇవాళ్టి ఆకు ఖాళీ. చెదలు తినేసి తారీఖు మాత్రం మిగిల్చాయి. ఏటా ఈ రోజు "ఇవాళ ఎవరూ ఏమీ కనిపెట్టలేదు, సెలవు" అని హాస్యం ఆడతాను. ఇవాళ కూడా అన్నాను.

నీళ్ల వరస అయిపోయి అందరూ పనుల్లోకి పోయాక రాజలింగు మామ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ముఖం బూడిదలా ఉంది.

"బోనుకాడికి రా బిడ్డా. నా చెవులకు ఏమన్న అయిందేమో చూడు."

పోయి నిలబడ్డాం. గంట మోగింది. ఒకటి, రెండు, మూడు. కాసేపాగి మళ్లీ మూడు.

మొండయ్య కొట్టే తీరు నాకు తెలుసు. మూడోది కొంచెం ఆలస్యంగా కొడతాడు.

ముందు ఏ ఆలోచనా రాలేదు. గంటకు చెయ్యి ఆనించి నిలబడ్డాను, అది మోగినప్పుడల్లా అరచేయి జివ్వుమంది. బతికే ఉన్నాడు. మరి పన్నెండున ఎందుకు రాలేదు? ఎనిమిది రోజులు ఆలస్యం చేసే మనిషి కాదే. ఎనిమిది. అప్పుడు మల్లవ్వ అక్క గుర్తొచ్చింది, నాలుగేళ్లకోసారి పుట్టినరోజు చేసుకున్న ఆ పిల్ల.

"మామా, ఫిబ్రవరిలో ఇరవై తొమ్మిది ఉండేదా?"

మామ నా ముఖం చూడలేదు.

"ఉండె. నాలుగేండ్లకోపారి. మన క్యాలెండరు అది లేని ఏడుది. మీ నాయిన మొదట్లనే చెప్పిండు, ఒక ఆకు రాసి కలుపుత అన్నడు. నేనే వద్దన్న. పొద్దే లేని కాడ ఒక్క రోజుకు ఏమైతది అన్న."

ముప్పై రెండేళ్లు. నాలుగేళ్లకొకటి చొప్పున ఎనిమిది. మా క్యాలెండరు ఎనిమిది రోజులు ముందు పరిగెత్తింది. పైన ఇవాళే ఏప్రిల్ పన్నెండు.

అంటే ఆయన మాట తప్పలేదు. నేనే తొందరపడి పోయి, లేడని తేల్చి, రాత తుడిచి వచ్చాను. ఆయనకు లెక్కలు రావు, తారీఖు ఎవరినో అడిగి ఉంటాడు. అంటే పైన ఎక్కడో మనుషులున్నారు. తారీఖు సరిగ్గా తెలిసిన మనుషులు, ఏడాది పొడుగునా ఒక పరాయివాడికి తిండి పెట్టగలిగిన మనుషులు. ఇవాళ గోడ మీద తుడిచిన మరక చూసి, మేం బతికే ఉన్నామని ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. అందుకే అంత ఆశగా కొడుతున్నాడు.

మామ కూడా లెక్క వేసుకున్నాడు. నోటితో చెప్పింది మాత్రం నేనే. ఫ్యాను ఆపితే ఇక లేవదు. గ్యాసు నిండడానికి నాలుగు గంటలు. బోనులో నలుగురు పడతారు, పోయి రావడానికి ఇరవై నిమిషాలు. పన్నెండుసార్లు తిరిగితే నలభై ఎనిమిది మంది. మిగిలేది తొంభై మంది.

"ఆపుమంటె ఆపుత బిడ్డా," అన్నాడు మామ. "నీ మొగన్ని ఆగం జేసింది నేనే. నువ్వెట్లంటె అట్ల."

నాకు ఒళ్లు మండింది. ఆనాడు ఒక్క ఆకు కలపడానికి తీరిక లేని మనిషి ఇవాళ తొంభై ప్రాణాలు నా ఒళ్లో పోస్తున్నాడు. తిడదామని నోరు తెరిచాను. డెబ్బై ఏళ్ల మనిషి, చేతులు కట్టుకుని, తప్పు చేసిన బడిపిల్లాడిలా నిలబడ్డాడు. లోపలి గల్లీలో ఎవరో పిల్లకు లాలి పాడుతున్నారు. ఆ పిల్ల నలభై ఎనిమిదిలో ఉంటుందా, తొంభైలో ఉంటుందా? మల్లవ్వ ఎందులో? అది తేల్చే నోరు నాకు లేదు. ఏడాదికొక్కసారి లేచే బోనులోంచి నా కాళ్లతో నేనే దిగి వచ్చాను. దానికి వేరేవాళ్లు ఎందుకు చావాలి?

"నువ్వు జరుగు మామా," అన్నాను.

ఒకటి కొట్టాను.

పైన కాసేపు చప్పుడు లేదు. తర్వాత మూడు వచ్చింది. ఒకటి కొట్టాను. మళ్లీ మూడు. ఇవాళ పన్నెండు గదా అని అడుగుతున్నట్టే ఉంది. జవాబు చెప్పడానికి ఆ మీటలో మాటలు లేవు. మొండయ్యకు తగ్గ పేరే పెట్టారు. పదకొండుసార్లు అడిగాడు, పదకొండుసార్లు ఆగు అన్నాను. మామ కొంతసేపటికి గోడకు తల ఆనించి కూర్చుండిపోయాడు.

పన్నెండోసారి పైనుంచి ఒక్కటే వచ్చింది. అందిందని.

ఆ తర్వాత మోగలేదు.

తిరిగి వచ్చి, చెదలు తిన్న ఆకు మీద మిగిలిన జాగాలో బొగ్గుతో, క్యాలెండరులో రాసే పద్ధతిలోనే రాశాను: "ఏప్రిల్ 20. పైన మనుషులున్నారని ఈ రోజున తెలిసింది." దాని కింద ఇంకో మాట కలిపాను. వచ్చే ఏడు కూడా ఆయన వస్తాడు. అప్పటికి నేను ఉంటానో లేదో, నా తర్వాత తారీఖు చెప్పేవాళ్లకు తెలియాలి కదా.

"ఈ రోజు గంట దగ్గర ఒకరు ఉండాలి. మూడు వస్తే ఒకటి కొట్టాలి."